తలుపు మెల్లగా వేయవలెను

కలం కదులుతూనే ఉంది, కదులుతున్నట్టు మాత్రం కనిపించదు. రెప్ప వాల్చకుండా చూస్తే ఆగిపోయినట్టే ఉంటుంది. కిటికీ వైపు తిరిగి, బట్టీల పొగగొట్టాల వెనక స్ప్రూస్ చెట్లతో నల్లబడ్డ కొండను కాసేపు చూసి మళ్లీ ఇటు తిరిగితే, కాగితం మీద గీత వెంట్రుకవాసి పైకెక్కి ఉంటుంది. చూడనప్పుడే కదులుతుందేమో మొండిది, అనుకుంది రోస్విత. ముప్పై ఏళ్లుగా ఈ పీట మీద కూర్చుని ఇదే చూస్తోంది. ఈ పింగాణీ ఫ్యాక్టరీలో అందరూ చప్పుడు చేస్తూ పనిచేస్తారు, ఆమె ఒక్కతే చప్పుడు లేకుండా చేస్తుంది. ఎదురుగా బల్ల మీద సన్నని స్ఫటికపు గొట్టం, అందులో వేలెడు పొడవున పింగాణీ కడ్డీ, గొట్టానికి తొడిగిన చిన్న కరెంటు కొలిమి. వేడెక్కినకొద్దీ కడ్డీ సాగుతుంది, సాగి తన వెనకున్న పుల్లను నెడుతుంది, పుల్ల మీటను నెడుతుంది, మీట కలాన్ని. కంటికి ఆనని ఆ సాగుడు కాగితం మీదికొచ్చేసరికి గీత అవుతుంది. దాని అసలు పేరు డైలాటోమీటరు. ఆ పేరు ఫ్యాక్టరీలో ఎవరికీ నోరు తిరగదు, అందుకని దాన్ని ‘అత్తగారు’ అని పిలుస్తారు. అది ఉన్నచోట ధనధన నడవకూడదు, పకపకా నవ్వకూడదు, అన్నిటికన్నా ముఖ్యంగా తలుపు విసిరికొట్టకూడదు. కొడితే కలం ఉలిక్కిపడి కాగితం మీద కొక్కెం గీస్తుంది, లోపల కడ్డీ కుదురు తప్పుతుంది, అంతసేపటి కొలత గంగలో కలుస్తుంది. తలుపు మీద ‘మెల్లగా వేయవలెను’ అని బోర్డు ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో రోస్వితే రాసి తగిలించింది.

మెల్లగా వేయవలెను. ఎంత పెద్దమనిషి తరహాగా రాసిందో అప్పుడు! ఇరవయ్యొక్కేళ్ల పిల్లకి అంత బింకమెందుకో. ముసలి డాక్టరు హుప్ఫర్ ఆ బోర్డు చూసి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, “వేయవలెనా? బాగుంది అమ్మాయ్, ఇక నేను కూడా నీకు భయపడవలెను” అన్నాడు. ఆయనే ఈ యంత్రం దగ్గర కూర్చోవడం నేర్పాడు. నేర్పడానికి ఏముంది, కదలకుండా కూర్చోవడమే. ఆ రోజుల్లో ఆమె కలం దగ్గరికి ముఖం పెట్టి, ఎక్కు, ఎక్కు, అని గొణిగేది. ఆయన వినేసి, “దాన్ని బతిమాలకు. దానికి చెవుల్లేవు” అనేవాడు. చెవుల్లేవు గానీ తలుపు చప్పుడు మాత్రం వినబడుతుందే, అని ఆమె లోలోపల తిట్టుకునేది. ఆయన పోయి చాలాకాలమైంది. ఇవాళ మళ్లీ బతిమాలుతోంది. అయితే ఎక్కమని కాదు. వద్దు, ఎక్కకు, ఈ ఒక్కసారికి ఎక్కకు, అని.

ఇవాళ గురువారం. రేపు సాయంత్రం ఆమె గుమ్మం ముందు తెలిసినవాళ్లంతా చేరి ఆనవాయితీ ప్రకారం పింగాణీ పగలగొడతారు, ఎల్లుండి పెళ్లి. యాభై ఒకటో ఏట పెళ్లేమిటని అడిగినవాళ్లకి, యాభై రెండో ఏట అయితే మరీ ఆలస్యమని జవాబు సిద్ధంగా పెట్టుకుంది. పెళ్లికొడుకు ఒట్మార్ ప్రెల్, ఫ్యాక్టరీలో మిగిలిన ఆఖరి గుండ్రటి బొగ్గు బట్టీకి మేస్త్రీ, భార్య పోయినవాడు, చిన్న మాటకి పెద్దగా నవ్వేవాడు. గేటు బయట ఇద్దరూ నువ్వు అనుకుంటారు, గేటు లోపల మీరు అనుకుంటారు. అది ఎవరూ పెట్టిన నియమం కాదు, అలా కుదిరింది. “ఫ్రౌలైన్ క్యూస్పెర్ట్, మీ అత్తగారు క్షేమమేనా?” అని పొద్దున వాకిట్లో టోపీ ఎత్తి అడుగుతాడు, అదే మనిషి అంతకు ముందు సాయంత్రం ఆమె వంటింట్లో చొక్కా చేతులు మడిచి ఉల్లిపాయలు తరిగినవాడు. శనివారంతో, పెళ్లికానివాళ్లను పిలిచే ఆ ఫ్రౌలైన్ అనే పిలుపు పోతుంది. దాని కోసం ఏడ్చేదేమీ లేదు. ఆ పిలుపు పోగొట్టాల్సిన కుర్రాడు ఇంకొకడు ఉండేవాడు, తూర్పున యుద్ధానికి వెళ్లి అక్కడే ఉండిపోయాడు. ఇప్పుడు అతని ముఖం తలుచుకుంటే ముఖం రాదు, రైలు కిటికీ అంచు మీద పెట్టిన మోచెయ్యి వస్తుంది. ఆ చేతికి ఇప్పుడు ఎంత వయసొచ్చి ఉండేదో అనుకోబోయి మానేసింది.

గీత సాఫీగా ఎక్కుతోంది. పక్కన వేడి చూపే ముల్లు నాలుగు వందలు దాటింది. ఇంకా టైముంది.

టైము ఉండటమే బాధ. హాంబర్గ్‌లో ఒక హోటలుకి పంపిన సూపు పళ్లేలు తిరిగొచ్చాయి, పెట్టెలకు పెట్టెలు. వేడి సూపు పోయగానే టిక్కుమని, పైనున్న గాజుపూత సాలెగూడులా సన్నగా బీటలు వారిందట. హోటలువాళ్ల మనిషి ఇవాళ డైరెక్టరు గదిలో కాఫీ తాగుతూ కూర్చున్నాడు, సాయంత్రం రైలుకి వెళ్లిపోతాడు. నిన్న డైరెక్టరు అందరినీ పిలిచి, “తప్పు మట్టిదా, మంటదా? నాకది తేలాలి” అన్నాడు. మట్టి అంటే ముద్ద కలిపిన తీరు. ప్రతి ముద్దా రోస్విత సరే అన్నాకే చక్రం మీదికి వెళ్తుంది కాబట్టి మట్టి అంటే రోస్విత. మంట అంటే ఒట్మార్. ఆ మాట అనగానే ఒట్మార్ ఒంటికాలి మీద లేచాడు. “నా మంటలో తప్పు లేదు. బట్టీలో వేడి చూపే చివరి మట్టి కోను తల వంచగానే ఆపేశాను. ఈ రెండు కళ్లతో చూశాను” అన్నాడు. అతను అబద్ధమాడడు. పేకాటలో కూడా ఆడలేక ముఖం ఎర్రబడి దొరికిపోతాడు. అందుకే రోస్విత రాత్రి నిశ్చింతగా పడుకోవాల్సింది. అతని మంట సరిగ్గా ఉందంటే తన ముద్ద తప్పనేగా, తన ముద్ద తప్పయితే డైరెక్టరు నాలుగు మాటలంటాడు, ఈ గదిలోంచి తీసి గిడ్డంగిలో పళ్లేలు లెక్కపెట్టే పనిలో వేస్తాడు. వేస్తే వేయనీ. తప్పు నాదే కావాలి అని దేవుణ్ణి ఇంత మనస్ఫూర్తిగా అడిగిన మనిషి ఈ ఊళ్లో ఇంకొకరు ఉండరు.

ఎందుకంటే మంటది తప్పయితే ఒట్మార్‌ను బట్టీ దగ్గరనుంచి తీసేస్తారు. తీసేస్తే అతనికి మిగిలేది ఏమిటి? అతని తండ్రి ఆ బట్టీ దగ్గరే, తాత ఆ బట్టీ దగ్గరే. అంతకన్నా, అందరి ముందూ రెండు కళ్లతో చూశానని అన్నాడే, ఆ మాట ఏం కావాలి? ఎల్లుండి చర్చి మెట్ల మీద అతని చెయ్యి పట్టుకుని దిగేటప్పుడు, ఊళ్లో వాళ్లు ఆ అబద్ధాల మేస్త్రీ ఇతనే అని చూస్తుంటే, ఆ అబద్ధాన్ని పట్టిచ్చింది ఈ పెళ్లికూతురే అని తెలిసి చూస్తుంటే? ఆమెకు ఒళ్లంతా చల్లబడింది. కొలిమి పక్కన కూర్చుని చలివేయడం ఇదే మొదలు.

పలుగురాయి. ఈ మొత్తం గొడవకి మూలం పలుగురాయి పొడి. తెల్లమట్టిలో అది కలుస్తుంది. పళ్లెం చల్లారేటప్పుడు మట్టీ, పైనున్న గాజుపూతా కలిసి ముడుచుకోవాలి, మట్టి ఇంకాస్త ఎక్కువ ముడుచుకుని పూతను దగ్గరికి నొక్కిపట్టుకోవాలి. అలా నొక్కిపట్టి ఉంచే బలం పలుగురాయిది. అది తక్కువైతే పూత తన చర్మం చాలనట్టు బిగుసుకుని బీటలిస్తుంది. అది ఉందో లేదో అత్తగారికి బాగా తెలుసు. ఐదువందల డెబ్బై మూడు డిగ్రీల దగ్గర పలుగురాయి ఉన్నట్టుండి ఉబ్బుతుంది, కలం గబుక్కున పైకి గెంతుతుంది. రాయి ఎంత ఉంటే గెంతు అంత. పొద్దున బీటలువారిన పళ్లెం నుంచి కోసిన కడ్డీ పెట్టి చూసింది. గెంతు లేదు, ఏదో చిన్న మెట్టెక్కినట్టు ఎక్కింది. సరే, పళ్లెంలో రాయి తక్కువ. కానీ మొదట్లోనే తక్కువ వేశారా, వేసినదాన్ని మంట ఎక్కువసేపు నిలబడి కరిగించేసిందా? అది తేలాలంటే అదే ముద్దతో చేసి, తొలి కాల్పు మాత్రమే చూసి, పెద్ద మంటకి పోకుండా మిగిలిన ముక్క కావాలి. ఈ కడ్డీ అదే. ఇప్పుడు కలం గెంతకపోతే తప్పు రోస్వితది. గెంతితే ఒట్మార్‌ది.

అలాంటి ముక్క దొరకదనే అనుకుంది. ఆ ముద్దంతా పళ్లేలైపోయింది, పళ్లేలన్నీ పెద్ద మంటకి పోయాయి. కానీ ఈ ఊళ్లో ఎవరి పెళ్లి దగ్గరపడినా, అన్ని షెడ్లలోనూ చెక్కపెట్టెలు పెట్టి పనికిరాని పింగాణీ పోగేస్తారు. వేరే ఊళ్లలో పెళ్లి ముందురోజు నాలుగు పాత కప్పులు పగలగొట్టి శుభం అనుకుంటారు, ఇక్కడ బండ్లకు బండ్లు దింపుతారు. గాజు మాత్రం ఉండకూడదు, అది అరిష్టం. పగిలిన ముక్కలన్నీ పెళ్లికూతురూ పెళ్లికొడుకూ కలిసి ఊడ్చాలి, చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతూ మళ్లీ కాళ్లతో చెదరగొడుతుంటారు. రోస్విత, ఒట్మార్‌ల పెళ్లి పెట్టెలో, అంచు విరిగిన సూపు పళ్లెం ఒకటి, పూత లేనిది, అడుగున ఆ ముద్ద గుర్తుతో సహా ఉంది. దాన్ని వెతికి పట్టుకొచ్చింది ఒట్మారే. నిన్న సాయంత్రం ఈ గుమ్మంలో నిలబడి, “ఇదిగోండి ఫ్రౌలైన్. మన శుభానికి పగలగొట్టాల్సింది. మీ అత్తగారికి నైవేద్యం పెట్టండి” అన్నాడు. పెట్టెలో పైనుంచి కిందికి ఎంతసేపు తడిమాడో, వేళ్ల మీద తెల్ల గీతలు పడి ఉన్నాయి. అంత ధైర్యంగా ఇచ్చాడంటే తన మంట మీద అంత నమ్మకమన్నమాట. లేక.

లేక ఏమిటి? ఆ లేక ఎక్కడినుంచి వచ్చింది? తడిమాడు అని ఎందుకు అనుకుంది, వెతికాడు అనకుండా?

వసారాలో అడుగుల చప్పుడు, పిల్లిలా వేస్తున్నా చెప్పుల ఈడ్పు దాగని అడుగులు. రంగులు వేసే షెడ్డు నుంచి బాబెట్. తలుపు ఒక చెంప మందాన తెరిచి, తల మాత్రం లోపలికి పెట్టింది. ముక్కు మీద నీలం రంగు చుక్క ఉంది, ఎప్పుడూ ఉంటుంది.

“ముసల్ది మేలుకుందా, పడుకుందా?” అని గుసగుసగా అడిగింది.

“ఉడుకుతోంది. చప్పుడు చెయ్యకు.”

“నేనెక్కడ చేశాను! రేపటికి మా షెడ్డు వాళ్లం ఒక బండెడు తెస్తున్నాం, చెప్పిపోదామని. కాళ్లు జాగ్రత్త. నీ నడుం జాగ్రత్త. ఊడ్చి ఊడ్చి ఎల్లుండి వంగే చర్చికెళ్తావు.”

“వంగితే వంగుతాను. పో.”

“పోతున్నా గానీ, నీ మొగుడికి కాస్త బుద్ధి చెప్పవే. నిన్న వాకిట్లో ఎదురుగా వస్తున్నాడు, నేను చెయ్యెత్తి ఊపాను, నవ్వాను, పేరు పెట్టి పిలవలేదంతే. నిలువునా చూసి పలకరించకుండా పోయాడు. పెళ్లికొడుకయ్యేసరికి కళ్లు నెత్తికెక్కాయి మహారాజుకి.”

“తొందరలో ఉండి ఉంటాడు.”

“తొందరా? పెళ్లినడక నడుస్తున్నాడు, గోడ పట్టుకుని!” అని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వి, తలుపును పసిపిల్లను ఉయ్యాల్లో వేసినట్టు వేసి వెళ్లిపోయింది.

గోడ పట్టుకుని. రోస్విత కలాన్నే చూస్తోంది, కలం కనిపించడం లేదు. అడవి కనిపిస్తోంది. పోయిన ఆదివారం, వాన వెలిసి నాచు మీద నీళ్లు మెరుస్తున్నాయి, పుట్టగొడుగుల బుట్ట పట్టుకుని అతను ముందు, ఆమె వెనక. ఈ కొండల్లో పుట్టగొడుగులు ఏరడంలో ఒట్మార్‌ను మించినవాడు లేడు, ఆకు కింద దాక్కున్నా వాసన పట్టేస్తాడని అంటారు. అలాంటిది గోధుమరంగు టోపీ పెట్టుకుని దర్జాగా దారి మధ్యలో కూర్చున్న లావుపాటి పుట్టగొడుగును బూటుతో తొక్కుకుంటూ పోయాడు. ఆమె కేకేస్తే వెనక్కి తిరిగి, “నీకోసం వదిలేశాను, నువ్వు తొక్కించేశావు” అన్నాడు. ఆమె నవ్వింది. ఆ రోజంతా నవ్వుతూనే ఉంది, ప్రేమలో ఉన్న మనిషి ఎంత తెలివితక్కువగా నవ్వుతుందో! తర్వాత హోటల్లో భోజనాల పట్టీ ఆమె వైపు తోసి, “నువ్వే చెప్పు, నువ్వేం తింటే అదే” అన్నాడు. మొదటి భార్యకి కూడా ఇంత మర్యాద చేసి ఉండడని మురిసిపోయింది. తిరిగి వస్తుంటే వీధి దీపాలను చూసి, “దీపాల చుట్టూ ఎంత పెద్ద వలయాలో, రేపు వాన తప్పదు” అన్నాడు. ఆమెకు వలయాలు కనిపించలేదు. మర్నాడు చుక్క వాన పడలేదు. పెళ్లి నమోదు ఆఫీసులో అతను సంతకం గీత కింద పెట్టకుండా గీత మీదుగా పైకి ఎక్కించేశాడు. గుమాస్తా, “పెళ్లికొడుకులకి చెయ్యి వణకడం మామూలే” అన్నాడు. చెయ్యి వణకలేదు. ఆ చెయ్యి పట్టుకుని ఉన్నది తనే కదా, అది వణకలేదు.

ఒకదాని వెనక ఒకటి, ఎవరో వరసగా పేర్చిపెట్టినట్టు. కొలిచే పనిలో ముప్పై ఏళ్లు బతికింది, వెంట్రుకలో వందో వంతు తేడా వస్తే పట్టేస్తుంది, పక్కన నడుస్తున్న మనిషి సంగతి మాత్రం తెలియలేదు. బట్టీ గోడలో చిన్న కన్నం ఉంటుంది. నీలం అద్దం పెట్టుకుని అందులోంచి తెల్లటి మంటలోకి చూడాలి. లోపల మూడు చిన్న మట్టి కోన్లు నిలబడి ఉంటాయి, వేడి పెరిగేకొద్దీ ఒకటి తర్వాత ఒకటి తల వంచుతాయి. మూడోది వంచగానే ఆపాలి. ఒట్మార్ ఉండగా ఆ కన్నంలోకి వేరేవాళ్లు చూడరు, చూస్తే అతనికి అవమానం. అలా చూసి చూసి అతని తండ్రికి ఆఖరి రోజుల్లో కంట్లో పాలు పోసినట్టు తెల్లబడిందని ఒట్మారే చెప్పాడు, ఏదో పాతకథ చెప్పినట్టు. మూడో కోను తల వంచింది. వంచి చాలాసేపై ఉంటుంది. ఒట్మార్ కళ్లకది ఇంకా నిలబడే ఉంది. అతను అబద్ధం చెప్పలేదు. చూశానన్నాడు, చూశాడు. చూసిందే తప్పు.

ముల్లు ఐదు వందల నలభై. కలం ఏం చేస్తుందో ఇక ఆమెకు తెలుసు. ముద్దలో రాయి సరిగ్గానే ఉంది, తనే తూచింది, తనకి తెలుసు, మొదటినుంచీ తెలుసు. తప్పు నాదే కావాలని అడగడమంతా ఆ తెలిసినదాన్ని కప్పెట్టడానికే. ఇంకాసేపట్లో కలం గెంతుతుంది, ఆ గెంతు కాగితం మీద ఉండిపోతుంది, డైరెక్టరు చూస్తాడు, హాంబర్గ్ మనిషి చూస్తాడు. కలం గెంతకముందే తలుపు ఒక్కసారి కొట్టుకుంటే? గాలికి కొట్టుకుంది అనొచ్చు. కడ్డీ కుదురు తప్పింది, మళ్లీ మొదలుపెట్టాలి, కొలిమి చల్లారాలి, ఇవాళ కాదు, పెళ్లి సెలవయ్యాక. ఈలోగా హోటలు మనిషి రైలెక్కేస్తాడు. తేలకపోతే నష్టాన్ని రెండు షెడ్లకీ చెరిసగం రాసి ఫైలు మూసేస్తానని డైరెక్టరు నిన్ననే అన్నాడు. ఎవరి పేరూ రాదు. ఒక్క తలుపు. ముప్పై ఏళ్లలో ఒక్కసారి. యంత్రం ముందు అబద్ధం కూడా చెప్పనక్కర్లేదు, నోరు తెరవనక్కర్లేదు.

లేచింది. కాళ్లు వాటంతట అవే అడుగులు మెల్లగా వేశాయి. ఆ అలవాటుకి నవ్వొచ్చింది, నవ్వుతో పాటు కళ్లల్లో నీళ్లు. సోమవారం బట్టీ మళ్లీ ముట్టిస్తారు, అప్పుడు కూడా అవే కళ్లు. ముట్టించాక అతను బట్టీ కప్పు మీదికి ఎక్కుతాడు, అక్కడ మెట్లకి పట్టుకునే కమ్మి లేదు. అది గుర్తొచ్చినా చెయ్యి తలుపు పిడి మీదికి వెళ్లింది. సోమవారం సంగతి సోమవారం. శనివారం దాటనీ. ఆ ఒక్కరోజు అతను తల ఎత్తుకుని నిలబడనీ. తలుపును తన వైపు బారుగా తెరిచి పట్టుకుంది, విసిరికొట్టడానికి చాలినంత దూరం.

వసారా చివర ఒట్మార్ వస్తున్నాడు. టోపీ ఒక చేతిలో ఉంది. రెండో చేతి వేళ్లు గోడ వెంబడి, తలుపుల చట్రాలు లెక్కపెట్టుకుంటూ జరుగుతున్నాయి. ఒకటి, ఇంకొకటి. బాబెట్ చెప్పిన పెళ్లినడక. అతను ఆమె వైపే చూస్తున్నాడు, ఆమెను చూడటం లేదు. దగ్గరికొచ్చి, తెరిచి ఉన్న తలుపును తడిమి, ఆ పక్కన నిలబడ్డ ఆకారం ఆమేనని పోల్చుకుని, ముఖమంతా వెలిగిపోయేలా నవ్వాడు. తన కోసమే తెరిచిందనుకున్నాడు. లోపలికొచ్చి, ఆమె చేతిలోంచి తలుపు తీసుకున్నాడు. రెండు చేతులతో పట్టుకుని, గడియ చప్పుడు కూడా కాకుండా పిడి నొక్కిపట్టి, ఊపిరి బిగబట్టి, అంగుళం అంగుళం జరిపి మూశాడు.

“మేలుకోలేదు కదా?” అని గుసగుసగా అన్నాడు.

రోస్విత వెనక్కి తిరిగి చూసింది. కలం కాసేపు ఆలోచించుకుంటున్నట్టు ఆగి, తర్వాత గబుక్కున, నిటారుగా, కాగితం మీద పైకి ఎక్కేసింది. ఇంత చక్కని గీత ఈ ఏడాదిలో పడలేదు. కొక్కెం లేదు, వణుకు లేదు. ఒట్మార్ బల్ల దగ్గరికి వెళ్లి కాగితం మీదికి వంగాడు, ముక్కు తగిలేంతగా వంగాడు, తల అటూ ఇటూ తిప్పాడు. చివరికి నిటారుగా నిలబడ్డాడు.

“చదివి చెప్పు, రోసల్” అన్నాడు.

గేటు లోపల అతను నువ్వు అనడం, ముద్దుపేరుతో పిలవడం అదే మొదటిసారి.

“ముద్దలో రాయి పూర్తిగా ఉంది. మట్టిది తప్పు కాదు.”

“ఊఁ.”

“మంట ఎక్కువసేపు నిలిచింది.”

అతను టోపీని చేతుల్లో ఒక చుట్టు తిప్పాడు. “నాకు వంగినట్టు కనిపించలేదు. ఒట్టు. మూడోది నిలబడే ఉంది అనుకున్నాను. తర్వాత పళ్లేలు తిరిగొచ్చాయని విన్నప్పుడు, ఆ రాత్రి పడుకుని, నిజంగా చూశానా, చూడాలనుకున్నది చూశానా అని... నిన్న అందరి ముందూ గొంతు చించుకున్నది భయంతోనే. నోరు దాటాక వెనక్కి ఎలా తీసుకోను? అందుకే ఆ పళ్లెం వెతికి తెచ్చాను. నేను చెప్పలేను, ఇది చెబుతుంది కదా అని.”

“ఎన్నాళ్లనుంచి?”

“వేసవిలో, కొండమీద నల్లపళ్లు కోసే రోజుల్నుంచి. అప్పుడు దీపాలే మసగ్గా ఉండేవి. ఇప్పుడు మనుషులు కూడా.”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే జాలిపడి చేసుకుంటావని.”

రోస్వితకు ఒళ్లు మండిపోయింది. దుఃఖమంతా ఒక్కసారిగా కోపమైంది. “జాలా? నీకు తెలుసా, నువ్వు వచ్చేసరికి నేను ఆ తలుపు ఎందుకు తెరిచి పట్టుకున్నానో? ముప్పై ఏళ్లు ఎవరినీ కొట్టనివ్వని తలుపు! నీ కోసం నేను... జాలిట, జాలి!” గొంతు పెద్దదైపోయింది, కలం సన్నగా వణికింది, ఆమె అలవాటు కొద్దీ నోరు మూసుకుంది.

ఒట్మార్ చెయ్యి చాచి, ఆమె భుజం అనుకుని మోచెయ్యి పట్టుకుని, అక్కడినుంచి భుజం దాకా వచ్చి, ఆమె ముఖానికి తన ముఖం దగ్గరగా తెచ్చాడు. “ఇంత దగ్గరైతే బాగానే కనిపిస్తున్నావు. ఏడుస్తున్నావు” అన్నాడు. “కొట్టలేదు కదా. మంచిదే అయింది. కొట్టి ఉంటే సోమవారం నేనే మళ్లీ ఆ కన్నం దగ్గర నిలబడేవాణ్ణి.”

ఎర్లాంగెన్‌ పెద్దాసుపత్రిలో కంటి ఆపరేషన్ చేస్తారట, అంది ఆమె ముక్కు తుడుచుకుంటూ. చేస్తారట, అన్నాడు అతను. అందరికీ కుదరదట. కుదిరినా కుదరకపోయినా బట్టీ కన్నం దగ్గరికి మాత్రం ఇక పంపరు. అది ఇద్దరూ పైకి అనలేదు. కొలిమి స్విచ్చి ఆపి, రోస్విత కాగితం డ్రమ్ము మీదినుంచి విప్పి, చుట్టగా చుట్టింది. డైరెక్టరుకి తను చెప్తానంది. వద్దు, నా మంట సంగతి నా నోటితో నేనే చెప్తాను, నువ్వు గీత చూపించు చాలు, అన్నాడు.

తలుపు దగ్గర అతను ఆగాడు. “రేపు ఆ ముక్కలన్నీ ఊడ్చాలి కదా. అందరూ చూస్తుంటారు. నాకు తెల్ల ముక్కలు తెల్ల మంచు మీద ఉన్నట్టే. మిగిలిపోతే నవ్వుతారు.”

“ఎక్కడ ఉన్నాయో నేను చెబుతాను. ఊడ్చేది మాత్రం నువ్వే. తప్పించుకుందామనుకుంటున్నావేమో.”

అతను పెద్దగా నవ్వాడు, ఈ గదిలో ఎవరూ నవ్వకూడని నవ్వు. తర్వాత పిడి కోసం చెయ్యి చాచి, వెతికి పట్టుకుని, ఇక అవసరం లేకపోయినా తలుపును మళ్లీ రెండు చేతులతో మెల్లగానే వేశాడు. వసారాలో ఎవరెవరో ఎదురయ్యారు. ఆమె అతని చెయ్యి తన చేతి కింద బిగించి పట్టుకుని, డైరెక్టరు గది వైపు నడిచింది. వసారా చివర మెట్లు మొదలయ్యాయి.

“మెట్టు” అంది రోస్విత. అతను దిగాక, “ఇంకో మెట్టు” అంది.